ముందు బెజ్జం

లోపల అత్తగారి తుంటి ఎముకకి స్క్రూలు బిగిస్తున్నారు. బయట బెంచీ మీద కూర్చున్న కోడలికి ఆ సంగతి తప్ప ఇంకేదీ తలకెక్కడం లేదు. ఇందాక డాక్టరు ఎక్స్‌రే ఫిలిముని వెలుతురుకి ఎత్తిపట్టి, ఇదిగో ఇక్కడ విరిగింది, ఇలా పట్టీ వేసి ఇలా స్క్రూలు దింపుతాం అని వేలితో చూపిస్తుంటే, అందరూ ఏవేవో అడిగారు, ఎప్పటికి నడుస్తుంది, మత్తు పడుతుందా, షుగరుంది కదా అని. ఆమె నోటినుంచి మాత్రం ఒకటే మాట వచ్చింది. "ముందు బెజ్జం వేస్తారా డాక్టరుగారూ?" ఆయన ఫిలిం దించి ఆమె వైపు చూశాడు. "వెయ్యకపోతే ఎముక చీలిపోదూ? పెద్దావిడ ఎముక గుల్లబారింది, అందుకని కాస్త సన్నంగానే వేస్తాం. పట్టు దొరకాలి కదమ్మా" అన్నాడు. పక్కన నిలబడ్డ భర్త మోచేత్తో పొడిచాడు. "ఆయన పని ఆయన్ని చేసుకోనీ" అన్నాడు. పట్టు దొరకాలి కదా అన్నప్పుడు ఆమె కావాలనే భర్త ముఖంలోకి చూసింది. అక్కడ ఏమీ లేదు. నిద్రలేని మనిషి ముఖం, గడ్డం మాసిన ముఖం, తల్లి కోసం బెంగపడుతున్న కొడుకు ముఖం. అంతే. నిజంగానే మరిచిపోయాడా, లేక మరిచిపోవడం కూడా అతనికి చేతనైన పనుల్లో ఒకటా?

అతనిప్పుడు నడవా చివర కిటికీ దగ్గర నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. గొంతు తగ్గించాననుకుంటాడు గాని అది తగ్గదు, వడ్రంగం షాపు ముందు గదిలో కూర్చుని వచ్చేపోయే వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ అలా సాగిపోయింది. నేల తుడిచే మనిషి తడిగుడ్డ కర్రని ఆమె కాళ్ల దాకా తెచ్చి ఆగింది, ఆమె కాళ్లు పైకెత్తింది, ఫినాయిలు వాసన ముక్కులోకి ఎక్కింది, ఆ వాసన మధ్యలోంచి అతని మాట వినిపిస్తోంది. "గడప దాటుతూ పడిపోయింది పెద్దమ్మా... అదే మరి, మా ఆవిడ పక్కన లేదు." పొద్దున మొదటి ఫోనులో పక్కన లేదు అన్నాడు. రెండో ఫోనుకి, ఎన్నిసార్లు చెప్పినా వినదు అన్నది చేరింది. ఇప్పుడు ఇంకోటి చేరుతోంది, "నేనుంటే ఇలా జరగనిస్తానా." ఒక్కో ఫోనుకీ కొంచెం కొంచెం నున్నబడుతోంది మాట. ఉప్పుకాగితం పట్టినట్టు. చెక్కనైనా మాటనైనా అతను నున్న చేస్తే చెయ్యి పెట్టి చూడాల్సిందే, ఎక్కడా గీరుకోదు.

అతనికి పని రాదని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. రంపం పట్టాడంటే గీత మీద పోయినట్టు పోతుంది. పాలిష్ పెడితే తలుపులో ముఖం చూసుకోవచ్చు. కానీ బెజ్జాలు అతనివి కావు. పెళ్లయినప్పటినుంచీ ఆ షాపులో తయారైన ప్రతి బీరువాకి, ప్రతి మంచానికి, ప్రతి తలుపు బందుకి బెజ్జం వేసింది ఆమె. వెనక గదిలో, రేకుల కింద, ఎండాకాలం జాకెట్టు వీపుకి అంటుకుపోతుంటే, చలికాలం వేళ్లు కొంకర్లు పోతుంటే. ఇంటికొచ్చి పడుకుంటే కుడి మణికట్టు సలుపుతుంది, ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని పడుకోవడం అలవాటైపోయింది. ముందు గదిలో జనం, అబ్బ, మీ బీరువా తలుపు ఇన్నేళ్లయినా వాలలేదండీ, ఏం పనితనమండీ మేస్త్రీగారూ అంటారు. అతను నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు వెనక గదిలోకి కూడా వినబడేది. మొదట్లో ఆమెకీ బాగానే ఉండేది, మన పేరే కదా అనుకునేది. మన అనే మాట ఎప్పుడు పలచబడటం మొదలైందో గుర్తులేదు.

నాన్న షాపు అది. కిటికీ దగ్గర నాన్న బల్ల, దాని మీద ఎప్పుడూ రంపపుపొట్టు. స్కూలునించి వచ్చి పుస్తకాలు గూట్లో పడేసి ఆ బల్ల ఎక్కి కూర్చునేది. నాన్న ఒక చేత్తో స్క్రూ పట్టుకుని, దాని ముందు డ్రిల్లుకి బిగించే బిట్టు పట్టుకుని, రెండూ కలిపి కిటికీ వెలుతురులో పెట్టేవాడు. "చూడు చిట్టీ. స్క్రూ వెన్నెముక బిట్టు వెనక పూర్తిగా దాక్కోవాలి. చుట్లు మాత్రం అటూ ఇటూ కనబడాలి, పళ్ల చివర్లలాగా. అలా కనబడితే అదే నీ బిట్టు. మెత్తని చెక్కయితే ఇంకాస్త సన్నది తీసుకో, గట్టి చెక్కయితే ఒక రవ్వ లావుది." మరీ సన్నదైతే ఏమవుతుంది నాన్నా అని అడిగింది. చెక్క చీలుతుంది, లేకపోతే స్క్రూ మెడ విరుగుతుంది, కానీ అది నయం, తప్పు అప్పుడే కళ్లకి కనబడుతుంది అన్నాడు. మరి లావైతే? నాన్న బిట్టు బల్ల మీద పెట్టి, వేళ్లకంటిన పొట్టు దులుపుకుని, "లావైతే హాయిగా దిగుతుంది. చూసినవాళ్లంతా బాగుందంటారు. ఎప్పుడో ఎవరో నమ్మి దాని మీద బరువేస్తారు, అప్పుడు ఊడొస్తుంది" అన్నాడు. అదే నాన్న, ఆమె చేతిని పట్టుకుని డ్రిల్లు నిటారుగా నిలబెట్టడం నేర్పిన నాన్న, స్క్రూకి సబ్బు రాసి దింపితే గట్టి చెక్కలో కూడా ఏడవకుండా దిగుతుందని చెప్పిన నాన్న, పెళ్లయిన ఏడాదికే బోర్డు మీద అల్లుడి పేరు రాయించాడు. ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు. "చెయ్యి నీదేనమ్మా, కాదన్నదెవరు? ముందు గదిలో కూర్చోడానికి మగ మనిషి ఉండాలి గదా." కొత్త రంగు వాసన వేస్తున్న బోర్డుని పైకెత్తి పట్టుకోవడానికి ఒక మనిషి తక్కువైతే ఆమే ఒక అంచు పట్టుకుంది. దాని బెజ్జాలు కూడా ఆమే వేసింది. అది ఇప్పటికీ వంగలేదు.

ఆడపడుచు వచ్చి బెంచీకి అవతలి చివర కూర్చుంది. ఆడపడుచు మొగుడు నిలబడే ఉన్నాడు, చేతిలో కారు తాళాలు తిప్పుతూ. ఆడపడుచు కాసేపు ఏడ్చి ముక్కు తుడుచుకుని, "ఒక్క పూట ఇంట్లో ఉంటే ఏం పోయేది వదినా?" అంది. గొంతులో కోపం కూడా లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. మీ అన్నయ్యని అడుగు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీ దగ్గర అతను వీపు తిప్పుకుని ఇంకా ఫోనులోనే ఉన్నాడు. లోపల పెద్దావిడ కత్తి కింద ఉంటే బయట మనం జుట్లు పట్టుకోవడమా అనుకుని మింగేసింది. అదొక్కటే కాదు. అత్తగారు తెలివిలోకి వస్తుంది, వచ్చాక ఆవిడే చెబుతుంది. ఆవిడకి అన్నీ తెలుసు. ఈ ఇంట్లో ఆ బెజ్జాలు ఎవరివో తెలిసి, తెలుసునని ఒప్పుకున్నది ఆవిడొక్కతే. ఒకసారి కోడలికి జ్వరంగా ఉన్నప్పుడు మణికట్టుకి నూనె రాస్తూ, "నీ చేతులుండబట్టి వాడికా పేరు. నాకు తెలీదనుకున్నావా" అంది. ఆ ఒక్క మాటని ఇన్నేళ్లుగా ఎంత జాగ్రత్తగా దాచుకుందో ఆమెకే తెలుసు.

అసలీ గొడవంతా ఈ తాళాలు తిప్పే మనిషి నోటి దూల వల్లే. ఆ ఆదివారం భోజనాలయ్యాక అందరూ కూర్చుని ఉండగా, "బావగారూ, వెనక గదిలో పనంతా అక్కయ్యదేనట, మీరు ముందు గదిలో టీ తాగుతుంటారట, అందరూ అదే చెప్పుకుంటున్నారు!" అన్నాడు. విరగబడి నవ్వారు. అత్తగారు కూడా నవ్వింది. భర్తా నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. చెవులు ఎర్రబడితే ఇంట్లో ఏదో ఒకటి పగులుతుందని ఆమెకి తెలుసు. ఆ సాయంత్రం పగల్లేదు, అతను లేచి, అమ్మ స్నానాలగది గడప దాటలేకపోతోంది, పట్టుకోవడానికి ఒక పిడి చేద్దామని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నా, ఇప్పుడే చేస్తా చూడండి అని డ్రిల్లు తీశాడు. పిడి అందంగానే చేశాడు. వంపు తిరిగి, పట్టుకుంటే చేతిలో ఇమిడిపోయేలా, పసిపిల్ల చెంపలా నున్నగా. ఆమె టీ గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి అతను స్నానాలగది ద్వారబంధం ముందు నిలబడి ఉన్నాడు, చుట్టూ అందరూ, డ్రిల్లుకి బిగించిన బిట్టు చూడగానే ఆమె అడుగు ఆగిపోయింది. "అది లావేమోనండీ. సన్నది నా బల్ల మీదుంది, వెళ్లి తెస్తాను." ఇది చాలదా ఏం అన్నాడు. "స్క్రూ అంత లావుంది. పట్టు ఉండదు" అంది, మెల్లగానే అంది, అతనికి మాత్రమే వినబడేలా అన్నాననుకుంది. అతను డ్రిల్లు ఆపి, ఆమె వైపు కాదు, చెల్లెలి మొగుడి వైపు తిరిగాడు. "చూశావా, నాకు బెజ్జాలు నేర్పుతుందట!" మళ్లీ నవ్వులు. తరవాత స్క్రూ దింపాడు. గట్టి చెక్కలో స్క్రూ దిగుతుంటే కీచుమంటుంది, అరచెయ్యి మండుతుంది, చివరి చుట్టుకి ఊపిరి బిగపట్టాలి. అతని చేతిలో స్క్రూడ్రైవరు గిరగిరా తిరిగింది. చప్పుడే లేదు. "వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది!" అన్నాడు. చెల్లెలి మొగుడు చప్పట్లు కొట్టాడు. గ్లాసుల్లో టీ మీద మీగడ కట్టింది.

ఆపరేషను గది తలుపు మీది ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఒక నర్సు బయటికొచ్చి, ఇంకాసేపు పడుతుందని చెప్పి లోపలికి వెళ్లింది. తలుపు తెరుచుకున్న ఆ కాసేపూ లోపలినుంచి డ్రిల్లు చప్పుడు వినబడినట్టే అనిపించింది, సన్నగా, ఎత్తుగా. తన డ్రిల్లుదీ అదే చప్పుడు. ఎవరిదో ఎముకలో ఎవరో జాగ్రత్తగా బెజ్జం వేస్తున్నారు. సన్నంగానే వేస్తాం అన్నాడు, వేస్తాడు, ఆ డాక్టరుని చూసి నవ్వేవాళ్లు ఆ గదిలో ఉండరు. ఆమెకి ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. ఆడపడుచు అది చూసి, ఇప్పుడేడిస్తే ఏం లాభం అన్నట్టు తల తిప్పుకుంది.

పిడి ఊగుతోందని ముందుగా చెప్పింది అత్తగారే. "అమ్మాయ్, ఇది కాస్త కదుల్తున్నట్టుంది చూడు." ఆమె చూసింది. స్క్రూలు వేళ్లతో తిప్పితే తిరుగుతున్నాయి. విప్పింది. బెజ్జాల్లో చెక్కమేకు దిగ్గొట్టి, జిగురు ఆరనిచ్చి, మర్నాడు సరైన బిట్టుతో మళ్లీ వేద్దామనుకుంటూ ఉండగానే అతనొచ్చాడు. "నా పని విప్పావా?" ఆ అరుపుకి పక్కింటి కిటికీ తెరుచుకుంది. అగ్గిపుల్లలు విరిచి బెజ్జాల్లో కుక్కి, వాటిమీదే స్క్రూలు బిగించి, అదిగో, గుంజి చూడు, ఊడుతుందేమో గుంజి చూడు అన్నాడు. మంచం మీదనించి అత్తగారు, "పోనీలేవే, బిగించాడుగా. నీకూ పంతం ఎక్కువ" అంది. అతను బయటికి వెళ్లాక దగ్గరకి పిలిచి, రేపు వాడు లేనప్పుడు చూద్దువుగానిలే అని కూడా అంది. మర్నాటికి స్క్రూ తలల మీద రంగు పూసేశాడు. ఎవరు విప్పినా రంగు పెచ్చులూడి తెలిసిపోయేలా. తన తల్లి పట్టుకునే పిడికి అంత కాపలా పెట్టాడు. దాన్ని మాత్రం నమ్ముకోకండి అత్తయ్యా, నన్ను పిలవండి అని ఆమె పిలిచి మరీ చెప్పింది. సరేలే అంది ఆవిడ. నిన్న పొద్దున ఆమె ఇంట్లో ఉంటానంటే, ఆర్డరిచ్చిన వంటింటి తలుపులు ఇచ్చెయ్యాలి, బెజ్జాలు ఎవరు వేస్తారు, నువ్వొస్తే గాని కాదు అని వెంటబెట్టుకు వెళ్లింది కూడా అతనే. బండి వెనక కూర్చోబెట్టుకుని షాపుకి తీసుకెళ్లాడు. ఆ ముక్క ఏ ఫోనులోనూ చేరలేదు.

పక్కింటావిడ ఫోను చేస్తే పరుగెత్తుకొచ్చారు. అత్తగారు గడపకి అడ్డంగా పడి ఉంది, నొప్పికి అరుపు కూడా రావడం లేదు, పిడి ఆవిడ చేతిలోనే ఉంది. దాన్ని విడిపించి తీసినప్పుడు ఆమె చూసింది. స్క్రూలు శుభ్రంగా ఉన్నాయి. పట్టున్న స్క్రూని బలవంతంగా పీకితే చుట్ల మధ్య చెక్క పీచు వస్తుంది, చెక్క తన వంతు తాను వదలకుండా పోరాడిందని తెలుస్తుంది. వీటి చుట్లకి అగ్గిపుల్లల పీచు కూడా అంటలేదు, కొట్లో అప్పుడే కొన్నట్టు మెరుస్తున్నాయి. అతనికి ఊరికే చూపించింది. అతను ఆమె చేతిలోంచి పిడి లాక్కుని ఎక్కడ పెట్టాడో. ఈ పొద్దున ఆస్పత్రికి బట్టలు సర్దడానికి ఇంటికెళ్లి చూస్తే ద్వారబంధం నున్నగా ఉంది. బెజ్జాలు లేవు. లప్పం పెట్టి, ఉప్పుకాగితం పట్టి, రంగు వేసేశాడు. తల్లి ఆస్పత్రిలో మూలుగుతుంటే కూర్చుని రంగు వేశాడు. వేలితో తాకితే ఇంకా కాస్త అంటుకుంది.

ఎర్రదీపం ఆరింది. బాగా జరిగింది, పట్టు బాగా దొరికింది అని డాక్టరు చెప్పి ఆమె వైపు చూసి నవ్వాడు. వార్డులో మత్తు దిగడానికి చాలాసేపు పట్టింది. అత్తగారు కళ్లు తెరిచేసరికి మంచం చుట్టూ అందరూ ఉన్నారు. కోడలు దూదితో పెదాలు తడి చేస్తుంటే ఆవిడ చూపు ఒక్కొక్కరి మీదా తిరిగింది, కూతురి మీద, అల్లుడి మీద, కొడుకు దగ్గర ఆగింది. అతను పక్కమీదికి వంగి, అమ్మా అన్నాడు. "ఎలా పడ్డావమ్మా?" అని కూతురు అడిగింది. కోడలి చేతిలోని తడి దూది అలాగే ఆగిపోయింది. ఇప్పుడు చెబుతుంది. పిడి ఊడింది అంటే చాలు, అంతకన్నా అక్కర్లేదు, ఎవరు వేశారు, ఎలా వేశారు అవన్నీ అక్కర్లేదు. అత్తగారు కొడుకు ముఖంలోకి చూస్తూనే, "కోడలు పక్కనుంటే పడేదాన్ని కాదు" అంది. మాట ముద్దగా వచ్చింది కానీ అందరికీ అర్థమైంది. అతను కళ్లు తుడుచుకున్నాడు.

డాక్టరు పిలుస్తున్నాడంటే వాళ్లు ముగ్గురూ బయటికి వెళ్లారు. అత్తగారు దుప్పటి కిందనించి చెయ్యి తీసి వెతుక్కుంది. ఆమె చెయ్యి ఇవ్వలేదు, ఆవిడే వెతికి పట్టుకుంది. "నువ్వు తట్టుకుంటావు. వాడు తట్టుకోలేడే" అంది. అంటే ఇందాకటిది మత్తులో అన్న మాట కాదు. ఆలోచించి, బేరీజు వేసి, ఎవరి మీద ఎంత బరువు పెట్టవచ్చో చూసుకుని అన్న మాట. ఆవిడ కళ్లల్లో ప్రేమ ఉంది, అది లేకపోయినా బాగుండేది. మీకెవరు చెప్పారు తట్టుకుంటానని? అలా అనలేదు. "నిద్రపోండి అత్తయ్యా" అంది. చెయ్యి నెమ్మదిగా విడిపించుకుంది. ఒక్కో వేలూ విడదియ్యాల్సి వచ్చింది.

నర్సు వచ్చి, రాత్రికి ఎవరుంటారు, ఒక్కరే ఉండాలి అంది. అప్పుడే లోపలికొచ్చిన ముగ్గురూ ఆమె వైపు చూశారు. అడగాల్సిన అవసరం కూడా ఎవరికీ కనబడలేదు. "వాళ్లబ్బాయి ఉంటారు" అంది ఆమె. అతను తెల్లబోయాడు. "నేనా? నాకేం తెలుసు? రేపు పొద్దున్నే తలుపులు..." ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. "గంట గంటకీ కాస్త పక్కకి తిప్పాలట. నర్సు చూపిస్తుంది. చూసి నేర్చుకోండి." వదినా అని ఆడపడుచు పిలిచింది. ఆమె ఆగలేదు.

మెట్ల దగ్గర వెనకనించి చెప్పుల చప్పుడు వినబడింది, ఆడపడుచు మొగుడు. "అక్కయ్యా, కోపంగా వెళ్తున్నారు. అసలేం జరిగింది? నాతో చెప్పండి." మనిషి చెడ్డవాడు కాదు, ముఖంలో నిజంగానే కంగారు ఉంది. ఆమె రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఇంతసేపూ లోపల తిరిగిందంతా బయటికి వచ్చేసరికి ఎంత చిన్నదైపోయిందో చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. "పిడి ఊడింది. బెజ్జం లావైంది. వేసింది మీ బావగారు. ఆ రోజు మీరు చప్పట్లు కొట్టారు." అతను తాళాలు తిప్పడం ఆపాడు. ఏదో గుర్తొచ్చినట్టు ముఖం మారింది, వార్డు వైపు ఒకసారి చూశాడు, మళ్లీ ఆమె వైపు చూడలేదు. "ఇప్పుడవన్నీ ఎందుకులెండి అక్కయ్యా. పెద్దావిడ బతికింది, అది చాలు. మనలో మనకి..." అని, ఆ వాక్యం పూర్తి చెయ్యకుండానే, ఆమె సంచి పట్టుకోబోయాడు, సాయం చేస్తున్నట్టు. ఆమె సంచి ఇటు లాక్కుంది.

కింద గేటు దగ్గర సాయంత్రపు ఎండ కళ్లలో కొట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్లు తోసుకుంటూ లోపలికి వస్తున్నారు, పళ్ల సంచులతో, ప్లాస్కులతో, నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టి ఆమెని ఆపాడు. పేషెంటు తాలూకు వాళ్లు బయటికి వెళ్తే పాసు ఇచ్చి వెళ్లాలమ్మా అన్నాడు. ఆమె పాసు తీసి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మళ్లీ వస్తారా? ఎవరి తాలూకమ్మా మీరు?"

"ఎవరి తాలూకా కాదు" అని చెప్పి, జనంలోకి దారి చేసుకుంది.